పై అంకెకు బెల్టు ఆగాలి

సత్తిపండు ఇల్లు పీకించింది మీరే.

ఎవరా సత్తిపండు అని అడక్కండి. మీకు తెలియదని నాకు తెలుసు. పడమటి వరుసలో చల్లటి గదుల్లో కూర్చుని, గోడ మీది పేజీలో లైన్లు ఎడమెడంగా ఉన్నాయని ఫిర్యాదు మీట నొక్కిన నాలుగు వందల పన్నెండు మందికి చెబుతున్నాను. మీరు ఎవరినీ కొట్టలేదు. ఎవరి గడపా తొక్కలేదు. మీట నొక్కి, చేయి కడుక్కుని, భోజనానికి కూర్చున్నారు. అయినా పీకించింది మీరే.

ఊరి గోడల మీది పేజీలు తయారుచేసే మా పుటశాలలో పేజీల రూపం మీద ఎవరు ఏ మార్పు చేసినా రోజువారీ పుస్తకంలో రాసి తీరాలి. ఇరవై రెండేళ్లుగా రాస్తున్నాను. ఆఖరి పది రోజుల్లో అవసరమైనవి ఇక్కడ పెడుతున్నాను. సముద్రంలో గుంజలు పాతి కట్టిన ఈ గుంజలపాడులోనే పుట్టి పెరిగి, నాచు ఏరే మూడో షెడ్డు ముఖం చూడనివాళ్లు మీలో బోలెడుమంది. అందుకని మీకు తెలియనివి మధ్యలో కలిపి రాశాను. మిగతాది ఉన్నదున్నట్టే.

రోజు 1

పొద్దున రాగానే పుటశాల గోడలకు పట్టిన ఉప్పు తుడిచాను. రాత్రంతా సముద్రపు గాలి కొడుతుంది, తెల్లారేసరికి తెరల మీద తెల్లటి పొర. అది తుడవకపోతే అక్షరాలు మసక. తర్వాత మూడు పేజీలు ఎక్కించాను. తాగునీళ్లది ఒకటి, నాచు తొట్ల గ్యాసుది ఒకటి, "తూర్పు వరుస గుంజల మరమ్మతు" అని ఒకటి.

ఊరి మొత్తానికి ఒకటే స్టైల్ షీట్, అంటే అక్షరాల సైజూ రంగూ ఎడమూ చెప్పే పట్టిక. ఏడు షెడ్లు, రెండు వరుసల ఇళ్లు, బడి, ఆసుపత్రి, అన్ని గోడల మీది అన్ని పేజీలూ దాని మాటే వింటాయి. నా బల్ల దగ్గర ఒక అంకె మారిస్తే ఊరంతా అదే క్షణంలో మారుతుంది. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ కొంచెం గర్వం. అది కూడా దాచను.

తొమ్మిదింటికి మూడో షెడ్డుకు వెళ్లాను. వారానికోసారి మా పేజీ చదువుతుంటే ఎలా ఉందో చూసి రావాలి. బెల్టు మీద తడి నాచు వస్తుంటుంది, రెండు వైపులా జనం నిలబడి గవ్వలూ ప్లాస్టిక్కూ ఏరుతుంటారు. ఎదురుగా గోడ మీద పేజీ. ఎత్తుగా వేసిన చెక్క పలక మీద నిలబడి చదివే మనిషి చదువరి. మూడో షెడ్డుకు వీరమణక్క. అరవై మూడేళ్లు, పంతొమ్మిదేళ్లుగా జనమే ఎన్నుకుంటున్నారు.

బెల్టు చప్పుడులో మాట సగమే వినపడుతుంది. అందుకే చదువరికి చేతి గుర్తులున్నాయి. కింది అంకె, అంటే సబ్‌స్క్రిప్ట్ వస్తే అరచేయి కిందికి నొక్కుతుంది. పై అంకె వస్తే చూపుడువేలు ఎత్తుతుంది. వేలు లేచిందంటే బెల్టు ఆగాలి. పై అంకెను తాకితేనే దాని అడుగు మాట, అంటే ఫుట్‌నోట్, తెరుచుకుంటుంది. అది చదివి అయ్యేదాకా బెల్టు కదలకూడదు, కదిలితే ఆ చదువు చెల్లదు. ఎప్పుడో మొదటి ఏళ్లలో తొట్ల పేజీకి ఉన్న ఒక అడుగు మాట ఆ చప్పుడులో ఎవరికీ వినపడక పదకొండు మంది పోయారు. ఆ పదకొండు శవాల మీద వచ్చిన నియమం ఇది. ఎవరో దయతలిచి ఇచ్చింది కాదు.

బెల్టు ఆపే బ్రేకు సత్తిపండు చేతిలో ఉంటుంది. పొద్దుటి షిఫ్టుకు అతను, మధ్యాహ్నం షిఫ్టుకు జోగులు. పాతకాలపు ఇనప కడ్డీ అది. రెండు చేతులతో కిందికి నొక్కి పట్టుకోవాలి. వదిలితే బెల్టు కదులుతుంది.

ఇవాళ వీరమణక్క నీళ్ల పేజీ చదివింది. గ్యాసు పేజీలో హెచ్ పక్కన చిన్న రెండుకి అరచేయి నొక్కింది. మరమ్మతు పేజీ చదివింది: "తూర్పు వరుసలోని నూట నలభై ఇళ్ల కింది గుంజలకు మరమ్మతు జరుగుతుంది. ఇంటివారు సహకరించగలరు." వేలు ఒక్కసారి కూడా లేవలేదు.

"వీరమణత్తా, ఇయ్యాల వేలికి సెలవిచ్చేవా ఏంటి?" అని సత్తిపండు బ్రేకు దగ్గర్నుంచి అరిచాడు. "నా చేతులు తుప్పు పట్టేత్తన్నాయ్!"

"నీ నోటికి బ్రేకు లేదు గదరా, దాన్ని పట్టుకో," అంది ఆవిడ.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. బయటకొచ్చి పుస్తకంలో రాశాను: మూడు పేజీలు, లైన్లు సమానం, ఆటంకం లేదు.

రోజు 3

తేజోమూర్తిగారు మెచ్చుకున్నారు. ఈయన మా రూపాధికారి. "భ్రమరాంబగారూ, మూడు రోజులుగా ఏ షెడ్డులోనూ బెల్టు ఆగలేదు. పేజీ అంటే ఇలా ఉండాలండీ. కళ్లకి హాయి."

నాకు మెప్పు వస్తే ముందు అనుమానం వస్తుంది. అయినా ఇవాళ రాలేదు. ముసలైపోతున్నాను కాబోలు.

ఈ లైన్ల గొడవ ఏమిటో మీకు చెప్పాలి, ఎందుకంటే మీరు చచ్చేది ఈ లైన్ల కోసమే కదా. సూపర్‌స్క్రిప్ట్ అంటే అక్షరం భుజం మీద కూర్చునే చిన్న అంకె. దాన్ని ఊరికే పైకి లేపితే అది తనతోపాటు లైను మొత్తాన్ని తోస్తుంది. పై లైనుకూ ఈ లైనుకూ మధ్య ఖాళీ పెరుగుతుంది. కింది అంకె కూడా అంతే, కింది లైనును తోస్తుంది. ఉద్యోగంలో చేరిన ఏడాదే దాన్ని బాగుచేశాను. రెండింటికీ సైజు డెబ్బై ఐదు శాతం, సొంత లైను ఎత్తు సున్నా, తర్వాత ఒకదాన్ని అరక్షరం పైకి, ఒకదాన్ని పావక్షరం కిందికి జరపడం. అంకె ఉండాల్సిన చోట ఉంది, లైను కదల్లేదు, అందరికీ కనపడింది. ఆ నాలుగు వరసలు నా జీవితంలో నేను చేసిన మంచి పనుల్లో ఒకటి.

పదకొండేళ్ల క్రితం తేజోమూర్తిగారు వచ్చారు. "కొంచెం తగ్గిద్దామండీ, ముళ్లలాగా గుచ్చుకుంటున్నాయి," అన్నారు. అరవై చేశాను. రెండేళ్లకు నలభై ఐదు. తర్వాత ముప్పై. ప్రతిసారీ వాదించాను. గట్టిగానే వాదించాను. వాదించి, ఇంటికెళ్లి, మర్నాడు వచ్చి తగ్గించాను. సభల్లో మైకు పట్టుకుని జనం హక్కుల గురించి గంటసేపు మాట్లాడిన నోరే ఇది. తగ్గించింది ఈ చేతులే.

రోజు 5

మధ్యాహ్నం సత్తిపండు పుటశాలకు వచ్చాడు. రోజూ అయితే షిఫ్టు అవగానే తిన్నగా ఇంటికెళ్లి బాతులకు మేత వేస్తాడు. తూర్పు వరుస అరవై ఒకటో నంబరులో అతనూ, పద్నాలుగు బాతులూ, అంతే సంసారం.

"అక్కా, ఓ మాటడగనా? మరమ్మతంటే పైనించి పలకలు ఇప్పుతారా?"

"గుంజలకి కదా మరమ్మతు. పలకలెందుకు విప్పుతారు?"

"అదే నేనూ అన్నాను. ముగ్గురొచ్చేరు. నా ఇంటి నాలుగు మూలలా ఎర్ర రంగుతో గీతలు కొట్టేరు. ఎందుకండీ అంటే, ఇక్కడిదాకా కోసేత్తామండీ అన్నారు. బాతులెక్కడుంటాయండీ అంటే నవ్వేరు."

నేను పేజీని గోడ మీద చూడలేదు. లోపలి రాతలోకి, అంటే స్టైల్ పట్టని ఉత్త పాఠంలోకి వెళ్లి చూశాను. "మరమ్మతు జరుగుతుంది" అన్న చోట పై అంకె ఒకటి ఉంది. ఒకటి! దాని వెనక అడుగు మాట:

"మరమ్మతు అనగా ఇళ్లను తొలగించి, గుంజలను కొత్త రేవుకు తరలించుట. అభ్యంతరం గలవారు ఈ పేజీ చదివిన నాటినుండి తొమ్మిది రోజుల్లోగా, తమ షెడ్డు చదువరి ఈ మాట చదివినప్పుడు చేయి ఎత్తవలెను. ఎత్తనివారు సమ్మతించినట్లే."

నేను గట్టిగా చదివాను. సత్తిపండు విన్నాడు.

"ఐదు రోజులైపోనాయి గదక్కా," అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద? వీరమణక్క మీద. పరుగెత్తుకుంటూ మూడో షెడ్డుకు వెళ్లాను. మధ్యాహ్నం షిఫ్టు నడుస్తోంది. అందరి ముందూ అరిచాను.

"కళ్లు పోయాయా నీకు, అమ్ముడుపోయావా? పై అంకె ఉంటే వేలెందుకు ఎత్తలేదు? నూట నలభై కొంపలు! ఎంతకి కొన్నారు నిన్ను?"

ఏరేవాళ్ల చేతులు ఆగిపోయాయి. వీరమణక్క పలక దిగింది. నా మణికట్టు పట్టుకుని గోడ దగ్గరికి లాక్కెళ్లింది. ఆవిడ చేతికి నాచు వాసన.

"పేజీ తెప్పించు," అంది. తెప్పించాను.

"ఏదీ, చూపించు."

"మరమ్మతు జరుగుతుంది తర్వాత..."

"నోటితో కాదమ్మాయ్. వేలెట్టి చూపించు."

ముక్కు గోడకు ఆనేంత దగ్గరగా చూశాను. ఏ అక్షరం పక్కన ఉండాలో నాకు కచ్చితంగా తెలుసు. ఆ పేజీని ఎక్కించింది నేను. కళ్లద్దాలు తీసి చూశాను, పెట్టుకుని చూశాను. గోడే కనపడింది.

"నీ పేజీ అది," అంది వీరమణక్క. "నీకే అవుపళ్లేదు. పలక మీద నాకెలా అవుపడుద్ది?"

వెనక నుంచి ఎవరో అప్పుడే అనేశారు: "ఏమో, ముసల్దానికి తెలుసేమో." ఆ మాట పుట్టించింది నేను. అది ఆ పూటే తూర్పు వరుసంతా పాకింది.

రోజు 6

స్టైల్ షీట్ పాత ప్రతులన్నీ తిరగేశాను. పై అంకె సైజు ముప్పై. అది నేను చేసిందే. ముప్పై అయినా పొద్దుటి వెలుతురులో దగ్గరికెళ్తే చుక్కలా కనపడాలి. ఎందుకు కనపడలేదు? రంగు. పై అంకె రంగుకు ఒక పేరు పెట్టుకున్నాం, "సముద్రం రెండు" అని. ముదురు నీలం. ఆరు రోజుల క్రితం ఆ పేరుకున్న విలువను గోడ రంగుకు మార్చారు. పేరు అదే, రంగు వేరు. మార్చింది తేజోమూర్తి. "రంగుల పట్టిక, చిన్న సవరణలు" అన్న ముప్పై నాలుగు వరసల చీటీలో పంతొమ్మిదో వరస. కింద ఆమోదం: భ్రమరాంబ. నేను చదవకుండా నొక్కాను. టీ చల్లారిపోతోందని నొక్కాను.

కాబట్టి మీమీద కేకలేసే అర్హత నాకు లేదని మీరు అనుకోవచ్చు. అనుకోండి. అర్హత కోసం ఆగితే గుంజలు పీకేస్తారు.

తేజోమూర్తి గదికి వెళ్లాను.

"పై అంకెలు గోడలో ఎందుకు కలిపేశారు?"

"కలపలేదండీ. మెత్తబరిచాం. అడుగు మాట అక్కడే ఉంది. ఎవరైనా తాకి చదువుకోవచ్చు."

"ఎక్కడ తాకాలో కనపడాలి కదా."

"భ్రమరాంబగారూ, ఆవేశపడకండి. లైన్లు సమానంగా ఉండాలన్నది మీ సూత్రమే. మీ దగ్గరే నేర్చుకున్నాను."

"లైన్ల కోసమే అయితే కింది అంకెను ఎందుకు వదిలేశారు? అది కూడా లైనును తోస్తుంది. అది ఇప్పటికీ డెబ్బై ఐదే ఉంది. రంగు మారలేదు. పదకొండేళ్లలో దాని జోలికి ఎవరూ పోలేదు!"

ఆయన కొంచెం ఆలోచించారు. అబద్ధం వెతుక్కున్నారనుకున్నాను. కాదు, ఆ అవసరం కూడా లేదనిపించినట్టుంది.

"దానికి బెల్టు ఆగదు కదండీ," అన్నారు.

చూశారా? ఎంత తేలిగ్గా చెప్పారో! కళ్లకు హాయి, పేజీ శుభ్రం, ముళ్లు, ఇవన్నీ పదకొండేళ్లు నాకు వినిపించిన పాట. అసలు సంగతి ఒక్క ముక్క. ఒక పై అంకెకు బెల్టు రెండు నిమిషాలు ఆగుతుంది. ఆ నియమాన్ని ఎత్తేస్తామంటే జనం ఊరుకోరు. అందుకని నియమాన్ని ముట్టుకోకుండా అంకెను మాయం చేశారు. జనం నోరు నొక్కడానికి ఈ ఊళ్లో ఎవరూ లాఠీ పట్టుకుని రారు. ఫాంటు సైజు పట్టుకుని వస్తారు.

"ఆమోదం మీదే ఉంది, గుర్తుంచుకోండి," అన్నారు నేను తలుపు తీస్తుంటే.

రోజు 7

తూర్పు వరుసలో ఇంటింటికీ తిరిగాను. అడుగు మాట కాగితం మీద రాసుకుని చదివి వినిపించాను. కొందరు తలుపు తీయలేదు. తీసినవాళ్లు అడిగింది ఒకటే.

"ఇప్పుడు మేం చెయ్యెత్తితే లెక్కలోకి వత్తదా?"

రాదు. పైకప్పు మీద లెక్క కన్ను ఉంటుంది, చదువరి అడుగు మాట చదివాక, బెల్టు ఆగి ఉండగా, ఎత్తిన చేతుల్ని అది లెక్కపెడుతుంది. ఇంటికొక నమోదైన చేయి, తూర్పు వరుసలో ఆ నమోదైనవాళ్లందరిదీ మూడో షెడ్డు పొద్దుటి షిఫ్టే. గుమ్మంలో ఎత్తిన చేయి చేయి కాదు. చదివేసిన పేజీని మళ్లీ చదవడానికీ వీల్లేదు.

"మరెందుకొచ్చేవమ్మా?" అంది ఒకావిడ, చంకలో పిల్లతో. తప్పేముంది, సరైన ప్రశ్నే.

వీరమణక్క ఇంటి ముందు ఎవరో చేపల పొట్టలు పోసి వెళ్లారు. ఆవిడ నీళ్లు కొట్టి కడుగుతోంది. నన్ను చూసి చీపురు ఆపలేదు.

"పంతొమ్మిదేళ్లు. నిన్న మా పక్కింటి పిల్ల నా చేతి నీళ్లు పుచ్చుకోలేదు. నీ నోటి చలవే."

"తప్పయింది వీరమణక్కా."

"నాకు చెప్పకు. ఆళ్లందర్లో అరిచేవు గదా, ఆళ్లందర్లో చెప్పు." చీపురు గుమ్మానికి ఆనించింది. "ముందు ఇది చెప్పు. మారిన పేజీ మళ్లీ చదవాల కదా?"

"ఏ మార్పు?"

"అదేనే, పేజీ రూపం మారితే, మారిన రోజే రెండు షిఫ్టుల్లోనూ మళ్లీ చదవాల. చదువర్ల నియమం. నాకు నోటికొచ్చు. మీవోళ్లకి గుర్తుండి ఉండదు."

రూపం మార్చేది ఎవరు? నేను.

రోజు 8

రూపాధికారి సంతకం లేకుండా నేను స్టైల్ షీట్ ముట్టుకోకూడదు. ఒక్క సందర్భంలో తప్ప. పుటశాల నియమాల పేజీలో ఒక అడుగు మాట ఉంది. అది కూడా కనపడదు, లోపలి రాతలో వెతికి పట్టుకున్నాను. "చదువుటకు ఇబ్బంది కలిగినచో పుటకారులు తమంతట తాము సవరించవచ్చును. ఈ సవరణ ఒక దినము నిలుచును. ఫిర్యాదులు నాలుగు వందలు దాటినచో తక్షణము రద్దగును."

నాలుగు వందలు! నవ్వొచ్చింది. నాలుగు వందల మంది ఒకే రోజు ఒకే విషయం పట్టించుకోవడం ఈ ఊళ్లో నేనెప్పుడూ చూడలేదు. నీళ్లు ఉప్పగా వచ్చిన వారం వచ్చిన ఫిర్యాదులు ముప్పై ఎనిమిది.

వీరమణక్కను పుటశాలకు పిలిచి చూపించాను.

"డెబ్బై ఐదు పెడితే పలక మీద నీకు బాగా కనపడుతుంది," అన్నాను.

"నాకు అవుపడితే చాలా? నాకు అవుపడిందని జనానికి అవుపడాల. లేకపోతే రేపు నేను వేలెత్తినా, ఈవిడికేదో ముట్టింది, అందుకే ఎత్తిందంటారు. బెల్టు చివర నిలబడ్డోడికి కూడా అవుపడాల."

"అలా అయితే నూట యాభై పెట్టాలి. లైను ఎత్తు సున్నా తీసేయాలి. అప్పుడు లైన్లు తోసుకుంటాయి. పేజీ చూడ్డానికి..."

"ఎలా ఉంటాది?"

"పళ్లూడిన నోరులా."

"నా నోరూ అంతే. చదూతన్నాను గదా."

పై అంకె: నూట యాభై శాతం. రంగు: ఎరుపు, సత్తిపండు ఇంటి మూలల మీద కొట్టిన ఎరుపే. లైను ఎత్తు: వదిలేశాను. ఇరవై రెండేళ్ల క్రితం నేను ఎంతో ముచ్చటపడి రాసిన నాలుగు వరసల్లో రెండింటిని నేనే చెరిపేశాను.

రోజు 9

ఆరింటికి భద్రపరిచాను.

ఊరంతటి గోడలూ ఒక్కసారి కదిలాయి. నేను లెక్క వేసుకోనిది ఒకటుంది. ఒకటే స్టైల్ షీట్ కదా. మరమ్మతు పేజీ ఒక్కటే కాదు, పదకొండేళ్లుగా గోడల మీద నిలిచి ఉన్న ప్రతి పేజీలోనూ మెత్తబరిచిన పై అంకెలన్నీ ఎర్రగా లేచాయి. ఆసుపత్రి పేజీలో ఏడు. బడి పేజీలో నాలుగు. పడమటి వరుస వారి నీటి వాటా పేజీలో ఆరు. అవును, మీదే. మీ పేజీలోనూ ఉన్నాయి. తాకి చూశారా? లేదు కదా.

తొమ్మిదింటికి మూడో షెడ్డు. ముందు నేను పలక పక్కన నిలబడి, ఐదో రోజు నేనన్నది తప్పని, వీరమణక్క కళ్లకు ఏమీ కాలేదని, దాచింది మేమని అందరికీ చెప్పాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టాల్సిన పనీ లేదు.

వీరమణక్క చదివింది. "గుంజలకు మరమ్మతు జరుగుతుంది." వేలు లేచింది. బెల్టు చివర నిలబడ్డవాళ్లు కూడా గోడ మీది ఎర్ర ఒకటిని చూశారు. సత్తిపండు కడ్డీ మీద పడి రెండు చేతులా నొక్కాడు. బెల్టు ఆగింది. ఆ నిశ్శబ్దం నాకు కొత్తగా తోచింది. పేజీల్లో పై అంకెలను తగ్గించుకుంటూ వచ్చిన మనిషిని కదా, అది వినడం నాకు అరుదైపోయింది.

అడుగు మాట పూర్తిగా చదివింది. చేతులు లేచాయి. తడి చేతులు, నాచు అంటిన చేతులు.

అప్పుడు చూశాను సత్తిపండును. అతని రెండు చేతులూ కడ్డీ మీదున్నాయి.

దగ్గరికి పరుగెత్తాను. "నేను పట్టుకుంటాను, నువ్వు ఎత్తు!"

"వద్దక్కా. నీ చేతులకి లొంగదిది. జారితే బెల్టు కదులుద్ది, అందరిదీ పోద్ది." ముఖమంతా చెమట. నవ్వుతున్నాడు. "మజ్జాన్నం జోగులు పడతాడు గదా. రెండో చదువులో ఎత్తుతాలే. రెండు చేతులూ ఎత్తేత్తాను, కావాలంటే కాలు కూడా."

లెక్క కన్ను పలికింది: నూట ముప్పై ఏడు. ఆసుపత్రి దగ్గరికి మారతామని తమంతట తాము ఒప్పుకున్న ఇళ్లు రెండు. మిగిలింది ఒకటి.

మిగతా షెడ్లలోనూ బెల్టులు ఆగుతూనే ఉన్నాయి. ఐదో షెడ్డులో సెలవుల పేజీ మీద తొమ్మిది సార్లు ఆగిందట. ఆరో షెడ్డు చదువరి ఎవరి మాట విన్నాడో వేలు ఎత్తలేదు, ఏరే ఆడవాళ్లలో ఒకావిడ ఎత్తింది, ఆవిడను చూసి బ్రేకు పడింది.

పన్నెండున్నరకు ఫిర్యాదుల అంకె చూశాను. మూడు వందల తొంభై. పడమటి వరుస నుంచి. నేను ఒక్కొక్కటీ చదివాను. "లైన్లు ఎడమెడంగా ఉన్నాయి." "ఎర్ర చుక్కలు చిరాగ్గా ఉన్నాయి." "పిల్లలు భయపడుతున్నారు." "పాత రూపం బాగుంది." సభల్లో నా పక్కన కూర్చుని, శ్రమజీవుల పక్షాన తీర్మానాలు రాసిన ముగ్గురి పేర్లు కూడా ఉన్నాయి. వాళ్లకు విడిగా చెప్పేదేమీ లేదు. చదువుతున్నారుగా.

పన్నెండూ నలభైకి నాలుగు వందలు దాటాయి. పేజీలు ముడుచుకున్నాయి. లైన్లు సమానం అయ్యాయి.

రెండింటికి మధ్యాహ్నం చదువు. కడ్డీ దగ్గర జోగులు. సత్తిపండు స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, ముందు వరసలో నిలబడ్డాడు. వీరమణక్క చదివింది. అంకె ఎక్కడుందో ఆవిడకు ఇప్పుడు తెలుసు. వేలు ఎత్తింది. జోగులు నొక్కాడు. బెల్టు ఆగింది. సత్తిపండు రెండు చేతులూ ఎత్తాడు.

లెక్క కన్ను పలికింది: "పేజీలో పై అంకె కనబడలేదు. చదువు చెల్లదు."

"అదేంటి, ఇప్పుడు రెండూ ఎత్తేను గదా," అన్నాడు సత్తిపండు, పైకప్పు వైపు చూస్తూ. ఎత్తిన చేతులు చాలాసేపు దించలేదు.

రోజు 10

పొద్దున నాకు తాఖీదు వచ్చింది. పుటశాలకు రానక్కర్లేదట. వీరమణక్కను తీయలేకపోయారు, ఆవిడను తీసేది జనం.

తూర్పు వరుసలో నూట ముప్పై ఏడు ఇళ్లు నిలిచాయి. మూడు ఇళ్లకు పలకలు విప్పారు. అరవై ఒకటో నంబరు గుంజలు నాలుగూ మధ్యాహ్నానికి లాగేశారు. రెండు ఇళ్ల మధ్య ఇప్పుడు సముద్రం కనపడుతోంది. పాత గుంజల చుట్టూ బాతులు ఈదుతూ తిరిగాయి. అందరి ఇళ్లూ నిలబడేలా కడ్డీ పట్టుకున్నవాడి ఇల్లు పోయింది. నన్ను ఓదారుస్తూ అతనే అన్నాడు, "పోన్లే అక్కా, నూట ముప్పై ఏడంటే తక్కువేంటి?" తక్కువే! ఒకటి తక్కువ. దాన్ని సరిపెట్టుకోమని నాతో ఎవరూ అనొద్దు.

ఇది చదువరులందరికీ ఇస్తున్నాను. ప్రతి షెడ్డులో చదువుతారు. మీ వరుసలో గోడల మీద అతికిస్తారు. కాగితం మీద, చేత్తో రాసి. దీనికి స్టైల్ షీట్ లేదు.

మేం అడిగేవి:

1. రోజు 9 మధ్యాహ్నం సత్తిపండు ఎత్తిన చేయిని లెక్కలో వేయాలి. అరవై ఒకటో నంబరు గుంజలను తెచ్చి, ఉన్నచోటే నాటాలి.

2. పై అంకె సైజు డెబ్బై ఐదు శాతానికి తగ్గకూడదు. దాని రంగు పేజీలోని అక్షరాల రంగే కావాలి. మార్చాలంటే ఏడు షెడ్ల చదువరులూ ఒప్పుకోవాలి.

3. ఈ పదకొండేళ్లలో వేలు ఎత్తకుండా చదివిన ప్రతి పేజీనీ మళ్లీ చదవాలి. చదివేదాకా ఏదీ చెల్లదు.

4. బెల్టు బ్రేకుకు గొళ్లెం పెట్టాలి. దాన్ని పట్టుకున్నవాడికి ఒక చేయి ఖాళీగా ఉండాలి.

5. రూపం మీద వచ్చిన ఫిర్యాదులతో చదివే హక్కును రద్దు చేసే నియమం పోవాలి.

6. తేజోమూర్తి ఏడు షెడ్లలోనూ, బెల్టు ఆపి, "దానికి బెల్టు ఆగదు కదండీ" అన్న మాట మళ్లీ చెప్పాలి.

7. చదవకుండా ఆమోదం నొక్కినందుకు నామీద విచారణ జరపాలి. షెడ్డులో, అందరి ముందు.

8. మీరు నాలుగు వందల పన్నెండు మందీ రోజుకు ఇరవై మంది చొప్పున మూడో షెడ్డుకు వచ్చి, ఒక షిఫ్టు నాచు ఏరి, ఒక పేజీ మొదటి నుంచి చివరిదాకా వినాలి.

9. బాతులు పద్నాలుగూ ప్రస్తుతం నా ఇంట్లో ఉన్నాయి. వాటికి చోటు చూపించాలి.